నలభై ముడులు

హుసేన్ పీరాకి ఒకటే బెంగ. ఎవరికి ఏం చెప్పాలో గురువుగారికి ఇంకా తేలలేదని.

చిత్రావతి ఒడ్డున ఉన్న ఆ చిన్న దర్గాకి రోజూ నలుగురైదుగురు కష్టాలు చెప్పుకోవడానికి వచ్చేవాళ్లు. కరీముల్లా బాబా ఒక్కొక్కరితో గంటల తరబడి కూర్చునేవారు. అడిగిందే మళ్లీ అడిగేవారు. ఒక్కోసారి ఏమీ చెప్పకుండానే పంపేసేవారు.

"ఒక్క మాటలో తేల్చెయ్యొచ్చు కదా బాబా?" అన్నాడు పీరా, ఉండబట్టలేక.

"ఆ ఒక్క మాట నాకింకా దొరకలేదు నాయనా."

పీరాకి దొరికింది. చిల్లా అంటారే, ఆ నలభై రోజుల ఏకాంతం ముగించి అప్పుడే బయటికొచ్చాడు. ఎవరేమన్నా చిరునవ్వుతో ఉండడం ఆ గదిలోనే నేర్చుకున్నాడట. తలుపులేసుకున్న గదిలో అతన్ని ఏమన్నా అనడానికి ఎవరున్నారో మనం అడగకూడదు. తన జ్వరం తగ్గించిన మందు ఊరందరికీ పంచే రకం అతను.

బాబా లేనప్పుడు వచ్చినవాళ్లందరికీ తలా ఒక ఆకుపచ్చ దారం ఇచ్చేవాడు. "ఎదుటివాళ్లు ఏం చేసినా నవ్వుతూ ఉండు. రోజుకో ముడి వెయ్యి. నలభై ముడులు పడేసరికి వాళ్లే మారతారు."

కోడలితో పడని అత్తకీ అదే, పంట పోయిన రైతుకీ అదే. పంట ఎలా మారుతుందని ఆ రైతు అడగలేదు పాపం.

ఒక మధ్యాహ్నం కుళ్లాయమ్మ వచ్చింది. వేరుశనగ చేలల్లో కూలికి పోయే మనిషి. మొగుడు కొడుతున్నాడని నలభై రోజుల కిందట వచ్చి దారం తీసుకుపోయింది. ఇప్పుడు ఎడమ చెయ్యి కొంగులో వేలాడుతోంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. గోడకి ఆనుకుని కూర్చుని, మంచి చేత్తో దారం చూపించింది.

"సామీ, ముప్పైఎనిమిది ముడులు పడినాయి. ఒగ దినం మాత్రం తప్పింది. పన్ను ఊడిన పొద్దు నగలేకపోతి. మళ్లా మొదుట్నించి ఎయ్యల్లనా?"

ఒక్కరోజుకి పర్వాలేదమ్మా అనబోయాడు పీరా. ఆ మాట నాలుక మీదికి వచ్చాక, తనేం చెప్పబోతున్నాడో తెలిసి హడలిపోయాడు.

గుమ్మంలో బాబా నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఈ దారం ఎవరిచ్చినారమ్మా?"

ఆమె పీరా వైపు చూసింది. బాబా లోపలికి తిరిగి భార్యని కేకేశారు.

"బీబీ, ఈ బిడ్డ ఇంగ మనింట్లోనే ఉంటుంది. కట్టు కట్టేవాణ్ని పిలిపించు."

తరవాత పీరాతో అన్నారు. "పై గూట్లో మెత్తటి గుడ్డ ఉంది. తియ్యి."

గూడు సరిగ్గా ఆమె తలపైన ఉంది. పీరా దగ్గరికి వెళ్లి చెయ్యి పైకెత్తాడు.

కుళ్లాయమ్మ గోడలోకి ముడుచుకుపోయింది. రెండో కన్ను కూడా గట్టిగా మూసుకుంది. మూసుకుని, నవ్వింది. వాచిన పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. అయినా నవ్వుతూనే ఉంది.

పీరా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వెనక నుంచి బాబా గొంతు వినిపించింది.

"దించు నాయనా. మెల్లగా."