ఎర్రదారం కట్టిన పొట్లకాయలు

కొండలెక్కువా పొలాలు తక్కువా ఉన్న ఒకానొక రాజ్యాన్ని రణభీమరాజు ఏలుతుండేవాడు. ఒకరోజు ఆయన నిండుసభలో మీసం దువ్వుకుంటూ, "నలభై స్తంభాల మండపం కట్టిస్తున్నాం. ఒక్కో స్తంభం ఒక్కో మద్దిమాను. ఎక్కడా అతుకు కనిపించకూడదు. అడవిలో నిటారుగా, లావుగా ఉన్న నలభై మానులు ఏరి నరకండి. వంకరవి మాకక్కర్లేదు" అని ఆజ్ఞాపించాడు.

సభ "ఆహా" అంది. అంతకంటే మరో మాట ఆ సభకు రాదు.

మూడోనాడు అడవిగూడెం పెద్ద ఈదమ్మ, నాలుగు ఆమడలు నడిచి వచ్చి రాజు ఎదుట నిలబడింది.

"రాజా, నీ మనుషులు గంటు పెట్టిన నలభై మానులూ మేం పసుపు పూసినవే."

"పూస్తే?"

"అవి విత్తనం చెట్లు. వాటి రెక్కలకాయలు గాలికి ఎగిరి పడితేనే కొత్త మద్ది మొలిచేది. మా అవ్వ కాలం నుంచీ మేం వాటి జోలికి పోం. వంకరవీ, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పెరిగినవీ, పిడుగు పడ్డవీ కొట్టుకుంటాం. మంచిది అడవికే వదులుతాం. అవి పోతే ఇక మొలిచేవన్నీ వంకర సంతానమే. నీడ పోతుంది, వాగు ఎండుతుంది. మేమెక్కడికి పోవాలి?"

రాజును 'నువ్వు' అన్నందుకు భటులు ఉలిక్కిపడ్డారు. అడవిలో దేవుణ్ణి కూడా నువ్వనే పిలుస్తారని వాళ్ళకేం తెలుసు!

రాజు పకపకా నవ్వాడు. "ఆకులు కోసుకునేదానివి, నాకు చెట్ల పాఠం చెబుతావా? ఉత్తమమైనది రాజుకు, మిగిలింది అడవికి! రేపు మధ్యాహ్నం గొడ్డళ్ళ పూజ, విందు. ఎల్లుండి ఉదయం గొడ్డళ్ళు బయలుదేరతాయి."

ఆస్థాన విదూషకుడు సింగనభట్టు ఓ మూల కూర్చుని పళ్ళు కొరుక్కున్నాడు. రాజులకో జబ్బుంది: కంటికి మంచిదేది కనబడ్డా తమకోసమే పుట్టిందనుకుంటారు. ఎదురు చెబితే తన తల తెగుతుంది, ఆ తరవాత చెట్లూ తెగుతాయి. ఏమిటి లాభం?

అతను ఈదమ్మ వెనకే ద్వారం దాకా వెళ్ళాడు. "అమ్మా, ఎల్లుండి దాకా ఇక్కడే ఉండు."

"ఎందుకయ్యా? మానులు కూలే చప్పుడు ఇక్కడికి వినపడదనా?"

సింగనభట్టు తిరిగి సభలోకి నడిచాడు.

రాజుగారి పెరట్లో ఒక పొట్లపాదు ఉంది. అది తండ్రిగారి నాటి విత్తనం. కాయ మెలి తిరక్కుండా రాజే స్వయంగా కొసన రాయి కట్టేవాడు. పాదంతటిలో మేలైన ఏడు కాయలకు ఎర్రదారం చుట్టేవాడు. అవి గింజకు వదిలినవి. వాటివైపు వేలు చూపించడానికి కూడా కోటలో అందరూ భయపడేవారు.

"మహాప్రభూ, రేపటి విందు వంట నాకు అప్పగించండి" అన్నాడు సింగనభట్టు. "పెరట్లో కూరగాయలు ఎలాంటివి కోయించమంటారు?"

"అదీ అడగాలటోయ్! నిటారుగా, పొడుగ్గా, నిగనిగలాడుతున్నవి కోయించు. వంకరవి పాదుకే వదిలెయ్."

"సభ సాక్షిగానా?"

"సభ సాక్షిగానే!"

మర్నాడు విందులో పాలు పోసి వండిన పొట్లకాయ కూర వడ్డించారు. రాజు మూడుసార్లు వేయించుకున్నాడు. "ఎంత లేతగా ఉందోయ్! వెన్నలా కరిగిపోతోంది."

"మీ చేతి పెంపకమే మహాప్రభూ" అంటూ సింగనభట్టు విస్తరి పక్కన ఆరు ఎర్రదారాలు వరసగా పెట్టాడు.

నోటిదాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది. రాజు ఎంగిలి చేత్తోనే పెరట్లోకి పరుగెత్తాడు. పందిరికి మెలికలు తిరిగిన కాయలే వేలాడుతున్నాయి.

"ద్రోహీ! విత్తనానికి కట్టిన కాయ ఎవడైనా కోస్తాడటరా? లేతకాయలో గింజ ఎక్కడిది? వచ్చే ఏడు ఏం పాతిపెట్టను?"

"వంకరవి బోలెడు ఉన్నాయి కదా."

"వంకరదాని గింజకు వంకరదే కాస్తుందిరా!"

రాజు చెయ్యి కత్తి మీద పడింది. సింగనభట్టు చేతులు జోడించాడు.

"పెరట్లో ఎర్రదారం, అడవిలో పసుపు. రెండూ ఒక్క పనే మహాప్రభూ, చేసిన చేతులే వేరు. ఆరు కాయలకే తమరు ఇంత అల్లాడుతున్నారు. అక్కడ గూడెం గూడెమంతా నలభై మానులకు అల్లాడుతోంది. ఏడో కాయ అదుగో, ఆ ఆకుల చాటున ఉంది. నా తల నిలుపుకోవడానికి వదిలాను. తమరి ఆజ్ఞ అడవికి ఆ ఒక్కటి కూడా వదల్లేదు."

రాజు వంగి ఆకులు తప్పించాడు. ఏడో కాయను అరచేతిలోకి తీసుకుని దాని ఎర్రదారం తడిమాడు. తరవాత ఆయన బొజ్జ కదిలింది, ఆపైన నవ్వు తన్నుకొచ్చింది.

"నాచేతే ఆజ్ఞ వేయించి, నాచేతే తినిపించావు కదరా!" అని చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు.

"కంకణం పుచ్చుకుంటాను. మానుల సంగతి మాత్రం ఈదమ్మతోనే మాట్లాడండి. వంట నాది, న్యాయం ఆమెది."

ఆ మర్నాడు ఉదయం గొడ్డళ్ళకు బదులు రాజే ఈదమ్మను వెంటబెట్టుకుని బయలుదేరాడు. అడవి మొదట్లో ఈదమ్మ ఆయన్ని ఆపింది.

"ఒత్తుగా పెరిగినవి పన్నెండు చూపిస్తాను. ఈ ఏటికి అంతే. మళ్ళీ నాలుగేళ్ళకు రా."

"అలాగైతే మండపం ఎప్పటికి పూర్తవుతుంది?"

"అడవి ఇచ్చినప్పుడు."

రాజు తల ఊపి అడుగు వేయబోయాడు.

"చెప్పులు విప్పు రాజా."

భటులు బల్లేలు బిగించారు. ఆమె వాళ్ళను చూడనైనా లేదు. "మద్దిమొలక వేలెడంత కూడా ఉండదు. వట్టికాళ్ళతో నడిస్తేనే కాలికింద ఏముందో తెలిసేది."

రాజు సింగనభట్టు వైపు చూశాడు. అతను అప్పటికే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. రణభీమరాజు మళ్ళీ గట్టిగా నవ్వి, భటుణ్ణి పిలవకుండా తనే వంగి చెప్పుల వార్లు విప్పుకున్నాడు.