పెట్టేవాడూ తినేవాడూ

ఆల్ప్స్ కొండల్లో ఒక చిన్న మఠం. అక్కడ ఎర్మానో అనే యువ సన్యాసి అయిదేళ్లుగా నిఘంటువు రాస్తున్నాడు. ఒక మాట దగ్గర అతని కలం ఆగిపోయింది.

గురువు సెవెరినో రెండు రోజులుగా జ్వరంతో మంచం మీద ఉన్నాడు. ఎర్మానో కాగితాలు పట్టుకుని ఆయన గదిలోకే వచ్చాడు.

"గురువుగారూ, పాత లాటిన్‌లో 'హోస్తిస్' అంటే పరాయివాడు. పోనుపోను శత్రువయ్యాడు. అదే వేరు నుంచి పుట్టిన 'గాస్ట్' జర్మన్లకు అతిథి. ఫ్రెంచివాళ్ల 'ఓత్' మరీ విడ్డూరం. భోజనం పెట్టేవాడూ ఓతే, తినేవాడూ ఓతే! ఇంత తెలివితక్కువ మాట ఉంటుందా? నేను సరిచేసి రాస్తాను."

సెవెరినో ఏదో అనబోయాడు. దగ్గు అడ్డం వచ్చింది.

అంతలో తలుపు చప్పుడైంది. మూడు రోజులుగా మంచు కురుస్తోంది. సరుకులకని దిగిన వంట సన్యాసి లోయలోనే చిక్కుకుపోయాడు. ఇంకెవరొస్తారు? ఎర్మానో ఇనుపకడ్డీ పట్టుకుని తలుపు ఓరగా తీశాడు. గడ్డం నిండా మంచుతో ఒక మనిషి. నడుముకు కత్తి.

"ఎవరు నువ్వు?"

"గొర్రెలకాపరిని సామీ. దారి తప్పాను. కాస్త చలి కాచుకోనివ్వండి."

ఎర్మానో పక్కకు తప్పుకోలేదు.

"రానీ" అన్నాడు గురువు లోపలినుంచి.

కాపరి వచ్చి చూస్తే పొయ్యిలో నిప్పే లేదు. మంచం పక్కన ఎండిన రొట్టెముక్క. సెవెరినో దిండు కిందనుంచి వంటగది తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఈ పూట ఇల్లు నీది నాయనా. మేమిద్దరం నీ అతిథులం."

కాపరి వెళ్లి వంటగది తాళం తీశాడు. తర్వాత చేతులు కడుక్కున్నాడు. పొయ్యి రాజేసి, ఆ కత్తితోనే ఉల్లిపాయలు తరిగి, బార్లీ గంజి కాచాడు. గురువును లేపి కూర్చోబెట్టి చెంచాతో తాగించాడు. సాయంత్రానికి ఆయనకు చెమట పట్టి జ్వరం దిగింది.

"మీరూ తినండి సామీ, చల్లారిపోతుంది" అని కాపరి ఇంకో గిన్నె ఎర్మానో చేతికిచ్చాడు. ఎర్మానో తలొంచుకుని తిన్నాడు.

మర్నాడు పొద్దున మంచు ఆగింది. కాపరి గుమ్మం దిగి వెనక్కి తిరిగాడు. ఎర్మానో ఒక అడుగు ముందుకేశాడు.

"మీ మేలు మరచిపోను."

ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది ఆ మాట.