చెయ్యి తీసిన చోటు

భద్రాచారి మాస్టారిది ఒక అలవాటు. ఎవరేం అడిగినా ముందు హార్మోనియం మీది గుడ్డ తీసేవారు, ఆ తరవాతే నోరు విప్పేవారు. నలభై ఏళ్ళు పద్యనాటకాలకు వాయించిన మనిషి. మాటలకన్నా హార్మోనియం మెట్ల మీదే ఆయనకు నమ్మకం ఎక్కువ.

ఒక ఉదయం ఆయన శిష్యుడు కోటిలింగం వచ్చాడు. తెనాలి చుట్టుపక్కల రాజు వేషానికి పెట్టింది పేరు. మెదడులో కణితికి ఆపరేషనై ఏడాదిన్నర. కణితి పోయింది, మనిషి దక్కాడు. తలనొప్పి మాత్రం చుట్టపుచూపుగా వచ్చి ఇంట్లోనే మకాం పెట్టింది. స్కాన్ శుభ్రంగా ఉందనీ, ఈ నొప్పి కొందరికి ఏళ్ళ తరబడి ఉండిపోతుందనీ చెప్పి డాక్టరు మాత్రలు రాశాడు. మాత్రలతో రోజు గడుస్తుంది. పద్యం ఎత్తుకుని పై షడ్జమానికి పోతే మాత్రం కుట్ల వెంట మేకు దిగుతుంది.

"మాస్టారూ, ఉగాదికి నాటకం వెయ్యమంటున్నారు మనవాళ్ళు. ఈ నొప్పి తగ్గేదాకా ఆగనా, అసలు వేషమే మానుకోనా?" అన్నాడు.

అని ఊరుకోలేదు. పాత రోజులన్నీ తవ్వి పోసుకున్నాడు. "ఆ పై స్వరం దగ్గర మీరు మెట్ల మీంచి చెయ్యి తీసేసేవారండీ. పందిరంతా నిశ్శబ్దం. నా గొంతొక్కటే నిలబడేది. మీ అంతటివారు నాకిచ్చిన మర్యాద అది. జనం వన్స్‌మోర్ అన్నదీ అక్కడే. ఇప్పుడు ఆ చోటికే పోలేకపోతున్నాను." కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ రోజులంటే అతనికి ప్రాణం.

మాస్టారు గుడ్డ తీశారు. హార్మోనియం అతని ముందుకు జరిపి, తిత్తి తాను ఆడిస్తూ, "నీ పై షడ్జమం నొక్కు" అన్నారు.

కోటిలింగం నొక్కాడు. బుస్సుమని గాలి వచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ గాలే.

"ఇదెప్పుడు పోయిందండీ?"

"నువ్వు నా దగ్గరికి రాకముందే. లారీ మీంచి పడి పెట్టె పగిలింది. బెజవాడలో విప్పి అతికారు. అన్నీ పలికాయి, ఇదొక్కటీ పలకలేదు. ఇంకో రెండుసార్లు విప్పించాను. ఇక కదిలిస్తే మిగతావీ పోతాయన్నాడు బాగుచేసేవాడు."

"మరి మీరు చెయ్యి తీసింది..."

"పలకని మెట్టు మీద చెయ్యేసుకుని ఏం చెయ్యనురా?"

కోటిలింగానికి పాతికేళ్ళనాటి శాలువా ఎవరో భుజం మీంచి లాగేసినట్టయింది. చిన్నబుచ్చుకున్నాడు. కాసేపటికి నవ్వొచ్చింది. నవ్వితే తల పోటెత్తింది. తల పట్టుకునే నవ్వాడు. ఊరూరా తాను మోసుకు తిరిగిన ఆ మర్యాద, ఒక మూగ మెట్టు చేసిన పని. అయినా పద్యం ఏ ఊళ్ళోనూ ఆగలేదు.

అంతలో అసలు సందేహం తోచి ముఖం వాడింది. "అప్పుడంటే మీ చెయ్యి ఆగినా నా గొంతుండేది. ఇప్పుడు నా గొంతూ ఆగితే అక్కడ ఇంకేముంటుందండీ?"

మాస్టారు గుడ్డ కప్పేశారు.

"పాతికేళ్ళు విన్నారు కదరా, జనానికది కంఠతా వచ్చు. నువ్వు పద్యాన్ని అక్కడిదాకా తీసుకురా."