నున్నటి ముఖంతో వచ్చిన మనిషి

శిష్యురాళ్ళు ఏది అడిగినా, గ్రంథుల జబ్బులు చూసే డాక్టర్ భ్రమరాంబ గారు వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఓ రోగిని పిలిపిస్తారు.

ఒక ఉదయం యశోధర అడిగింది: "అమ్మా, ఆడవాళ్ళకు ముఖాన వెంట్రుకలు ఎంత ఉంటే జబ్బు అనాలి?"

అడిగిందే గాని, జవాబు తన దగ్గరే ఉందన్న ధీమా ఆమెది. ఒంటి మీద ఏ చోట ఎంత మొలిస్తే ఎన్ని మార్కులో, మొత్తం ఎంత దాటితే జబ్బో, ఆ పట్టిక ఆమెకు కంఠతా వచ్చు. మనుషులకు మార్కులు వేయడంలో ఓ సుఖం ఉంది. చిన్న డాక్టర్లు దాన్ని అంత తొందరగా వదులుకోరు.

అప్పుడే ఒకామెకు మార్కులు వేసి, ఏమీ లేదని తేల్చి, పూతమందు రాసి పంపింది కూడా. ఆమె పేరు గౌరీశ్వరి, పార్వతీపురం అవతలి పల్లె. ముప్పయ్యేళ్ళు దాటి ఉంటాయి. ముఖం నున్నగా ఉంది, అక్కడక్కడా కాస్త ఎర్రబడింది. ఏది అడిగినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది తప్ప పెదవి విప్పలేదు. సిగ్గు కాబోలు అనుకుంది యశోధర.

పక్క బల్ల నుంచి అదంతా గమనించిన భ్రమరాంబ గారు ఆమెనే వెనక్కి పిలిపించారు. ముఖం పరీక్షించలేదు. "ఇక్కడ ఆలస్యమయ్యేట్టుంది. మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పమ్మా" అన్నారు.

గౌరీశ్వరి వద్దన్నట్టు తల ఊపింది. ఆవిడ బలవంతపెట్టలేదు, అలాగని వదలనూ లేదు. ఊరికే ఎదురు చూశారు. చివరికి గౌరీశ్వరి ఫోన్ తీసి, "అమ్మా, నానే" అంది. అది బండబారిన మగగొంతు.

అవతలి ముసలామె మాట గదిలో అందరికీ వినిపించింది. "ఎవలు బాబూ? మా అమ్మాయి ఫోను నీకాడికెలగొచ్చినాది?"

గౌరీశ్వరి ఫోన్ పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చింది. యశోధరకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఉగాదికి బాగానే ఉన్నానమ్మా" అంది గౌరీశ్వరి కాస్త తేరుకుని. "దసరాకల్లా గెడ్డం, ఈ గొంతూ వచ్చీసినాయి. ముట్టు నిలిచిపోనాది. పొద్దున్నే దారంతో తీయించుకుని వచ్చినాను. డాక్టరమ్మ ముందర ఆ మొకంతో కూకోనేను కదా. ఈ గొంతుకి జడిసి అమ్మతోటి మాటాడ్డమే మానీసినాను."

ఆ రోజే రక్తపరీక్షలకు, స్కానింగుకు పంపారు. మూత్రపిండం మీది గ్రంథిలో, మగ హార్మోన్లను ఊరించే గడ్డ కనిపించింది. ఇంకా ఎటూ పాకినట్టు లేదు, తీసేయవచ్చు. గౌరీశ్వరి సరేనన్నాక భ్రమరాంబ గారే తల్లికి ఫోన్ చేశారు. ఇందాక మాట్లాడింది మీ కూతురేనని, ఆపరేషనుకు తోడు కావాలని చెప్పారు. దొరికిన బస్సెక్కి ఆ తల్లి వచ్చింది. వచ్చీ రాగానే కూతురి గడ్డం పట్టుకుని, "నాతోటి సెప్పకపోతే ఇంకెవలతోటి సెప్తావే" అని కోప్పడింది. గౌరీశ్వరి ఆ గొంతుతోనే బదులు చెప్పింది, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

వరండాలోంచి ఇదంతా చూస్తున్న యశోధర నెమ్మదిగా అంది. "ముఖాన ఏమీ లేదు కదమ్మా. మీకు అనుమానం ఎలా వచ్చింది?"

భ్రమరాంబ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు:

"ముఖాన ఏమీ లేని మనిషి మన దగ్గరికి ఎందుకొస్తుంది, యశోధరా?"