దాలినాయుడికి చెప్పిన ధైర్యం

ప్రశ్న అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించడం పరమేశం గురువుగారి అలవాటు. అందుకే ఆ ఆశ్రమంలో సందేహాలున్నవాళ్లు ఎక్కువ, అడిగేవాళ్లు తక్కువ. మోటార్లు బాగుచేసే దాలినాయుడికి మాత్రం ఆ రోజు అడగక తప్పలేదు.

అతని కూతురు ఝాన్సీ సోమవారం ఒకటో తరగతిలో చేరాలి. వారం రోజులపాటు కొత్త సంచీ భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగిన పిల్ల, రెండు రోజులుగా అన్నం సరిగ్గా ముట్టడం లేదు, తల్లి కొంగు వదలడం లేదు. బడికి పోనంటోంది. తాను ధైర్యం చెబుతూనే ఉన్నానన్నాడు దాలినాయుడు. బడిలో ఏమీ కాదని, భయపడొద్దని, ఎవరైనా కొడితే తనతో చెప్పమని చెప్పాడట. సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడతానని మాట కూడా ఇచ్చాడట. ఎంత చెబితే అంత ఏడుస్తోంది. ఇంకేం చెప్పాలో తెలియడం లేదని అంటుంటే అతనికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

గురువుగారు లోపలినుంచి ఒక బెల్లం దిమ్మ తెచ్చి అతని చేతిలో పెట్టి, వెనక వీధిలో సన్యాసమ్మకి ఇచ్చి రమ్మన్నారు. అతను గుమ్మం దిగాక మళ్లీ పిలిచారు.

"ఆ వీధిలో ఏమీ లేదు. భయపడకు. ఏదన్నా అయితే ఒక్క కేక వెయ్యి, నేనిక్కడే నిలబడి ఉంటాను."

పొద్దున్న పది గంటలు. దాలినాయుడు పుట్టి పెరిగిన వీధి అది. అయినా మలుపు తిరిగేసరికి అడుగు నెమ్మదించింది. ఒక ఇంటి తలుపు మూసి ఉంది, ఎందుకు మూశారో అర్థం కాలేదు. అరుగు మీద మేక ఒకటి అతన్నే చూస్తోంది. రోజూ ఇలాగే చూస్తుందా? గుర్తు రాలేదు. సగం దూరం వెళ్లి ఒక కర్ర ఏరుకున్నాడు. తన మీద తనకే నవ్వొచ్చింది గానీ కర్ర పారేయలేదు. బెల్లం అందుకున్న సన్యాసమ్మ ఆ చెమటేమిటని అడిగింది. వీధిలో ఏమైనా జరిగిందా అని అతను ఎదురడిగాడు. ఆ ముసలావిడ అటూ ఇటూ చూసి, మారు మాట్లాడకుండా లోపలికి పోయి గడియ పెట్టుకుంది. ఇక అతను నడవలేదు, పరుగే. వచ్చి జరిగిందంతా రొప్పుతూ చెప్పాడు.

"ఆ ఈదిలో ఏటుంది బాబూ?"

"ఏమీ లేదన్నాను కదా."

"ఏటీ నేకపోతే మరి భయపడకని ఎందుకన్నారు?"

"ధైర్యం చెప్పాను."

దాలినాయుడు బుర్ర గోక్కున్నాడు. అయితే పిల్లకి ఇక ఏమీ చెప్పకుండా ఉంటే సరిపోతుందా అని అడిగాడు. ఇప్పుడు నేను నోరు మూసుకుని కూర్చుంటే నువ్వు ఒక్కడివీ ఆ వీధిలోకి పోతావా అన్నారు గురువుగారు. అతను చేతిలో కర్ర వైపు చూసుకున్నాడు.

గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

"పద. పాపం సన్యాసమ్మ తలుపేసుకుని కూర్చుంది, ఆవిణ్ణి బయటికి పిలవాలి. ఏం చెప్పి పిలుస్తావో నడుస్తూ ఆలోచించుకో."