గట్టుకు పేరు పెట్టిన రోజు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఒక మట్టిగట్టు. గట్టు నిండా బొరియలే. కుందేళ్లు, ఎలుకలు, ఏదుపందులు, మట్టిలో గూడు తొలిచే పసిరిక పిట్టలు, అన్నీ పక్కపక్కనే కాపురం. పొద్దు పొడిస్తే చాలు, ఒకటే సందడి.

అక్కడే సోలమ్మ అనే చుంచెలుక ముగ్గురు పిల్లలతో ఉండేది. ఒక పొద్దున ఆమె మేతకు వెళ్లి, నక్క ఏనుగులతో చెబుతున్న మాట విన్నది. ఆ గట్టు వట్టి ఖాళీదట. ఎల్లుండి తొక్కి చదును చేసి, వాగులోకి బాట వేసుకోవచ్చట.

ఏనుగులు వెళ్లాక నక్క సోలమ్మను చూసింది. చుంచు కంపు నక్కకు గిట్టదు. అందుకే తినలేదు, బేరం పెట్టింది.

"గట్టు కూలితే బయటికి ఉరికేవాళ్లంతా నాకు. గుట్ట మీద రాతి బొరియ నీకు. నోరు మెదపకు."

రాతి బొరియ! వాన చుక్క లోపలికి రాదు. సోలమ్మ మనసు లాగింది. కానీ పోయిన వానల్లో ఆమె ఇల్లు మునిగితే, పిల్లల్ని తన బొరియలో దాచింది ఏదుపంది గంగులు. వాడు ఏమవుతాడు?

"నాకొద్దు" అని ఒకటే పరుగు తీసింది.

ఆ రోజే ఏనుగుల దగ్గరికి ఒక్కతే వెళ్లి మొరపెట్టుకుంది. ఆమె గొంతు వాటి మోకాలి దాకా కూడా పోలేదు. మర్నాడు గంగులు తోడొచ్చి ముళ్లు గలగలలాడించాడు. ఆ చప్పుడు ఎండుటాకులదని నక్క ఏనుగులను నమ్మించింది.

"మనం ఉన్నామని ఏనుగులకు తెలియదు. అందరం కనబడాలి" అని సోలమ్మ గుమ్మం గుమ్మం తిరిగి చెప్పింది.

మూడోనాడు నేల అదిరింది. ఎవరూ ఉరకలేదు. ఎవరి గుమ్మం ముందు వాళ్లు, పిల్లాజెల్లాతో నిలబడ్డారు. పిట్టలు గుంపుగా పైకి లేచాయి.

పెద్ద ఏనుగు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపింది. నక్క మెల్లగా జారుకుంది.

"ఇంతమంది ఉన్నారా! ఈ చోటి పేరేమిటమ్మా?" అని అడిగింది ఏనుగు.

ఇన్నాళ్లూ దానికి ఎవరూ పేరే పెట్టలేదు. కుందేళ్లపేట అన్నాయి కుందేళ్లు. ఎలుకలవాడ అన్నాయి ఎలుకలు. పిట్టల గోల సరేసరి.

ఏనుగు చెవులు ఊపుతూ నవ్వింది. "తేల్చుకుని చెప్పండి. మేం చుట్టూ తిరిగి పోతాం."

మూడు రోజులు పోట్లాడుకుని, చివరికి అందరిగట్టు అని పెట్టుకున్నారు. ఇప్పటికీ ఏనుగులు దారి చెప్పేటప్పుడు, "అందరిగట్టు దాటాక" అంటాయి.

నీతి: ఒక్కరు తప్పించుకుంటే ఒక్క ఇల్లే మిగులుతుంది, అందరూ కలిసి నిలబడితే ఊరే మిగులుతుంది.