తేనె కప్పం

పోలండు రాజు లెస్తిమీరుకు ఆ పూట కడుపునిండా కోపం, దానిమీద కాస్త తేనెసారా. కప్పం ఎగ్గొట్టి తిరగబడ్డ మజోవియా సీమను పొద్దున్నే యుద్ధంలో అణిచేశాడు. తిరుగుబాటు నాయకుడు పోరులోనే పోయాడు. మిగిలినవాళ్ళను కట్టేసి గుడారం బయట మంచులో కూర్చోబెట్టారు.

ఆ గెలుపంతా తనదేనని సేనాని సులిస్లావుకు గట్టి నమ్మకం. నమ్మనివాళ్ళకు పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నాడు.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"మజోవియా నాకిప్పించండి. ఏటా కప్పం తప్పకుండా కడతాను. ఆ బందీలను మాత్రం ఒక్కణ్ణీ మిగల్చకుండా ఉరితీయించండి. చూస్తేనే ఒళ్ళు మండుతోంది."

రాజు తన విదూషకుడు పెల్కా వైపు తిరిగాడు. పెల్కాది ఆ సీమే. అతని సొంత అన్న ఆ బందీల్లోనే ఉన్నాడని రాజుకు తెలుసు.

"నువ్వూ ఒక మాట చెప్పు. దయ చూపమని అడిగావో, నిన్నూ వాళ్ళ పక్కనే వేలాడదీస్తాను."

పెల్కా వంగి దణ్ణం పెట్టాడు. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"ఉరితీయాల్సిందే ప్రభూ. తాళ్ళకోసం వెతుక్కోనక్కర్లేదు, వాళ్ళ గుడిసెల్లోనే కావలసినన్ని ఉన్నాయి."

సేనాని మొదటిసారి పెల్కాను మెచ్చుకోలుగా చూశాడు.

"వాళ్ళకు అన్ని తాళ్ళెందుకు?" అన్నాడు రాజు.

"తేనె తీసేవాళ్ళు కదా ప్రభూ. తేనెపట్లన్నీ పైన్ చెట్ల తొర్రల్లో, మేడంత ఎత్తున ఉంటాయి. నడుముకు తాడు కట్టుకుని ఎక్కుతారు. మజోవియా కప్పమంతా ఆ తేనే. వచ్చే వేసవికి వీళ్ళుండరు గనక, సేనానిగారే ఎక్కుతారు."

సేనాని మొహంలో నవ్వు తగ్గింది. "ఇంకెవరూ ఎక్కలేరా?"

"ఎక్కొచ్చు. దిగడమే కాస్త ఇబ్బంది. తేనె వాసనకు ఎలుగుబంట్లు కింద కాచుకుని ఉంటాయి."

రాజు తన చేతిలోని తేనెసారా గిన్నెకేసి చూసుకున్నాడు.

"సులిస్లావ్, కప్పం ఎగ్గొట్టినందుకే కదా ఇవాళ ఒకణ్ణి చంపాం?"

సేనాని మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ప్రభూ, పాపం అమాయకులు. వాడెవడో చెడగొడితే చెడ్డారు. దయ చూపండి. ఒక్కణ్ణీ చంపొద్దు."

పెల్కా మెల్లగా దగ్గాడు.

"గమనించండి ప్రభూ, అడిగింది నేను కాదు."

రాజు పడీ పడీ నవ్వాడు. గిన్నెలో సారా సగం గడ్డం మీదే ఒలికింది.

"లే సులిస్లావ్. వెళ్ళి నీ మనుషుల కట్లు నీ చేత్తోనే విప్పు."

అని, తన బొచ్చుకోటు విప్పి పెల్కా భుజాల మీద వేశాడు. దాన్ని అన్నకు కప్పడానికి పెల్కా సేనానికన్నా ముందే మంచులోకి పరుగు తీశాడు.